జనరేటరు డీజిల్‌కు కందెన గుణం: కార్యదర్శులు తెలుసుకోవలసిన పాఠం

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము చూసే పుస్తకాలలో జనరేటరు లాగ్ పుస్తకం వంతు చివర వస్తుంది. పాల కొనుగోలు రిజిస్టరు, సభ్యుల చెల్లింపులు, దాణా స్టాకు, నగదు నిల్వ చూసేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఇంజను గదిలోకి తొంగిచూసి, డీజిల్ వోచర్ల మీద సంతకాలు చేసి బస్సు వేళకు బయలుదేరుతాము. ఈ అలవాటు వల్ల ఒక సంఘానికి జరిగిన నష్టంతో ఈ పాఠం మొదలుపెడుతున్నాము. అందులో మా పొరపాటు కూడా ఉన్నది.

జరిగిన సంగతి

మా పరిధిలోని ఒక సంఘంలో బల్క్ కూలరు ఉన్నది. వేసవిలో ఒక సాయంత్రం సుమారు 1,100 లీటర్ల పాలు వచ్చాయి. అవి చల్లబడక ముందే కరెంటు పోయింది. జనరేటరు పది నిమిషాలు నడిచి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేస్తే అందుకోలేదు. పట్నం నుంచి మెకానిక్కు వచ్చేసరికి అర్ధరాత్రి అయింది. పంపు పోయిందని, విప్పి తీసుకుపోవాలని చెప్పాడు. తెల్లవారి ట్యాంకరు వచ్చినప్పుడు పాలు కాచి చూస్తే విరిగిపోయాయి. ట్యాంకరు ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ పూట పాలు పోసినవారిలో ఒకే ఒక గేదె మీద ఇల్లు గడుపుకొనేవారు చాలామంది ఉన్నారు.

మర్నాడు పాలకవర్గం కూర్చొని ఒక తీర్మానం రాసింది. “ఇప్పటి డీజిల్‌లో గంధకం లేనందున పంపు ఎండిపోవును. అందుకుగాను ఆయిలు కలపవలసి ఉండగా ఆపరేటరు కలపలేదు. కావున పంపు రిపేరు ఖర్చు అతని జీతంలో నెలనెలా కోయవలెను.” ఆ తీర్మానం పరిశీలనకు మమ్మల్ని పిలిచారు.

ఆపరేటరు రెండు ఖాళీ డబ్బాలు తెచ్చి మా ముందు పెట్టాడు. “అయ్యా, కార్యదర్శి గారు చెప్పిన లెక్కనే డ్రమ్ముకు లీటరు చొప్పున స్కూటరు ఆయిలు పోశాను. డబ్బాలు చూడండి. పొయ్యలేదంటే నేనేం చెప్పను?” అన్నాడు. అతని మాట నిజమా, తీర్మానం నిజమా అన్నది తేల్చాలంటే ముందు డీజిల్ సంగతి మాకే తెలియాలి. పట్నం వెళ్ళి పంపు విప్పిన మేస్త్రీ దగ్గర కూర్చున్నాము. అక్కడ తెలుసుకున్నదీ, ఆ తరువాత చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ చెబుతున్నాము.

కందెన గుణం అంటే ఏమిటి?

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన పెద్దలు అన్నారు. ఇరుసుకూ చక్రానికీ మధ్య పలుచని పొర ఒకటి ఉంటే రెండు లోహాలు ఒకదాన్నొకటి తినవు. ఆ పొర పోతే ముందు చప్పుడు, తరువాత అరుగుడు.

డీజిల్ పంపులో ప్లంజరు అనే చిన్న ఉక్కు కడ్డీ, బ్యారెల్ అనే గొట్టంలో పైకీ కిందికీ ఆడుతుంది. ఈ రెంటి మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత సందులోకి ఇంజను ఆయిలు పంపడం కుదరదు. అక్కడ కందెన పని చేసేది డీజిలే. ఇంజెక్టరులోని సూదికి కూడా అంతే. పాత రకం వరుస పంపులలో కింది కామ్ షాఫ్టుకు ఇంజను ఆయిలు అందుతుంది కాబట్టి కొంత ఓర్చుకుంటాయి. రోటరీ పంపులలోనూ, ఈనాటి కామన్ రైల్ పంపులలో చాలావాటిలోనూ లోపలి భాగాలన్నిటికీ డీజిలే దిక్కు. పైగా కామన్ రైల్‌లో ఒత్తిడి 1,600 బార్లు, అంతకు పైన కూడా ఉంటుంది.

ఇక్కడ రెండు మాటలను కలిపేయరాదు. చిక్కదనం వేరు, కందెన గుణం వేరు. చిక్కదనం అంటే ద్రవం ఎంత నెమ్మదిగా పారుతుందన్నది. కందెన గుణం అంటే లోహాలు ఒత్తుకున్నప్పుడు వాటి మధ్య నిలిచే పొర బలం. ఒకే చిక్కదనం ఉన్న రెండు డీజిళ్ళలో ఒకటి పంపును కాపాడవచ్చు, రెండవది అరగదీయవచ్చు.

గంధకం ఎందుకు తీశారు?

గంధకం మండితే సల్ఫర్ డయాక్సైడు వస్తుంది. అది గాలిని పాడుచేస్తుంది. ఇంజనులో తేమతో కలిసి ఆమ్లమై ఆయిలును, లోహాన్ని తింటుంది. కొత్త వాహనాల పొగ గొట్టంలో అమర్చే శుద్ధి పరికరాలను గంధకం పనికిరాకుండా చేస్తుంది. అందుకే మెట్టు మెట్టుగా తగ్గించారు.

1990ల తొలి సంవత్సరాల వరకు మన దేశంలో డీజిల్‌లో గంధకం ఒక శాతం దాకా ఉండవచ్చు. 2000 నాటికి 2,500 పి.పి.ఎం.కు, తరువాత భారత్ స్టేజి 2లో 500కు, స్టేజి 3లో 350కి దించారు. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా స్టేజి 4 వచ్చి 50 అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా స్టేజి 6 అమలై 10 పి.పి.ఎం. అయింది. పి.పి.ఎం. అంటే పది లక్షలలో ఒక వంతు. లెక్క తేలికగా తెలియాలంటే 200 లీటర్ల డ్రమ్మును తలచుకోండి. అందులో డీజిల్ బరువు సుమారు 165 కిలోలు. ఒక శాతం రోజులలో ఆ డ్రమ్ములో కిలోన్నరకు పైగా గంధకం ఉండవచ్చు. నేడు రెండు గ్రాములు కూడా ఉండదు.

గంధకం కందెన కాదు

మన పాలకవర్గాలలో చాలామంది పొరబడేది ఇక్కడే. గంధకమే పంపుకు కందెన అని, అది పోయింది కాబట్టి పంపు పోతుందని అనుకుంటున్నారు. కందెన పని చేసేది గంధకం కాదు. డీజిల్‌లో సహజంగా, చాలా కొద్దిగా ఉండే ఆక్సిజను, నైట్రోజను కలిసిన పదార్థాలు లోహాన్ని అంటిపెట్టుకొని పొరగా నిలుస్తాయి. గంధకం తీయడానికి రిఫైనరీలో డీజిల్‌ను ఎక్కువ వేడిలో, ఎక్కువ ఒత్తిడిలో హైడ్రోజనుతో కలిపి ఉత్ప్రేరకం మీదుగా పంపుతారు. గంధకంతో పాటు ఈ మంచి పదార్థాలు కూడా పోతాయి. పాలు వడకట్టి మలినం తీస్తే మేలే. అదే వెన్న కూడా తీసేసి ఊరుకుంటే మిగిలినది మామూలు పాలు కాదు. ఇదీ అటువంటిదే.

1990ల ప్రారంభంలో స్వీడన్ దేశం గంధకం బాగా తగ్గించిన డీజిల్‌ను తెచ్చినప్పుడు రోటరీ పంపులు త్వరగా అరిగిపోయాయి. కందెన గుణం పెంచే మందును డీజిల్‌లో కలిపిన తరువాత ఆ బాధ తగ్గింది. మిగిలిన దేశాలన్నీ ఆ పాఠం నేర్చుకొనే గంధకం తగ్గించాయి. మన దేశమూ అంతే.

కొలత ఎలా?

పాలకు వెన్న శాతం ఉన్నట్లే డీజిల్‌కు కందెన గుణం కొలత ఉన్నది. 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండును ఉక్కు పలక మీద 200 గ్రాముల బరువుతో ఆనించి, రెండు మిల్లీలీటర్ల డీజిల్‌లో ముంచుతారు. 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో, సెకనుకు 50 సార్లు చొప్పున 75 నిమిషాలు రుద్దుతారు. ఆ తరువాత గుండు మీద పడిన అరుగుడు మచ్చను సూక్ష్మదర్శినితో కొలుస్తారు. మచ్చ ఎంత చిన్నదైతే డీజిల్ అంత మంచిది. భారత ప్రమాణం ఐ.ఎస్. 1460 ప్రకారం మచ్చ 460 మైక్రాన్లు మించరాదు. అంటే అర మిల్లీమీటరుకు కాస్త తక్కువ.

దీనిని బట్టి తెలిసేది ఏమంటే, కందెన గుణం కూడా డీజిల్ నాణ్యతలో భాగమే. శుద్ధిలో పోయినదాన్ని మందు కలిపి పూరించి, పరీక్షలో నిలిచిన తరువాతనే కంపెనీ డీజిల్‌ను అమ్మవలె. గుర్తింపు పొందిన బంకులో తీసుకున్న మంచి డీజిల్‌కు సంఘం తనంతట తాను ఏమీ కలపనక్కరలేదు. ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇదే.

మరి పంపులు ఎందుకు పోతున్నాయి?

మేస్త్రీ ఆ ప్లంజరును గుడ్డతో తుడిచి వెలుతురుకు పట్టి చూపాడు. నిలువునా సన్నని గీతలు మెరుస్తున్నాయి. “ఇది డీజిల్‌లో గంధకం లేక వచ్చింది కాదు సార్. ఇందులో కిరోసిను పడింది, నీళ్ళూ పడ్డాయి” అన్నాడు. సంఘానికి తిరిగివచ్చి డ్రమ్ము అడుగు నుంచి గాజు సీసాలో కొంచెం పట్టాము. నీరు కింద వేరుగా తేరింది. పైది కిరోసిను వాసన కొట్టింది.

పంపును తినే శత్రువులు నాలుగు.

1. కిరోసిను కల్తీ: కిరోసిను డీజిల్ కంటే పలుచన. 40 డిగ్రీల వద్ద డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోకుల మధ్య ఉండాలి. కిరోసిను కలిసేకొద్దీ అది పడిపోతుంది, పొర తెగుతుంది.

2. నీరు: నీటికి పొర నిలిపే శక్తి లేదు. తుప్పు పుట్టిస్తుంది. తుప్పు రేణువులు ప్లంజరును గీకుతాయి.

3. దుమ్ము: రెండు మూడు మైక్రాన్ల సందులో కంటికి కనపడని ఇసుక రేణువు కూడా ఆకురాయి పని చేస్తుంది.

4. నిలవ: నెలల తరబడి డ్రమ్ములో ఉన్న డీజిల్ జిగురు కడుతుంది. నీరు చేరితే అందులో సూక్ష్మజీవులు పెరిగి, ఫిల్టరుకు నల్లని జిగట పడుతుంది.

పంపు అరుగుతున్నదని ముందే తెలిపే గుర్తులున్నాయి. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు అయి, వేడెక్కిన తరువాత ఆపితే మళ్ళీ అందుకోకపోవడం మొదటిది. వేడికి డీజిల్ పలుచనై, అరిగిన సందులోంచి జారిపోతుంది. కూలరు కంప్రెసరు భారం పడగానే ఇంజను కుంగడం రెండవది. మా సంఘం లాగ్ పుస్తకంలో ఆపరేటరు నెల ముందే “వేడి మీద స్టార్టు లేదు” అని రెండు చోట్ల రాశాడు. చదివినవారు లేరు.

పంపు బయటికి డీజిల్ కారడం మాత్రం వేరు సంగతి. పాత రబ్బరు సీళ్ళు కొత్త డీజిల్‌లో కుంచించుకుపోయి కారవచ్చు. సీలు మార్చాలి. మందు పోస్తే కారుడు ఆగదు.

కలపకూడనివి

స్కూటరు ఆయిలు: రెండు స్ట్రోకుల బండ్ల కోసం చేసినది. డ్రమ్ముకు లీటరు పోస్తే కందెన గుణం వస్తుందన్న నమ్మకం పల్లెల్లో ఉన్నది. దానిని ఈ పనికి పరీక్షించి అమ్మడం లేదు. కల్తీ డీజిల్‌ను అది మంచి డీజిల్‌గా మార్చలేదు. మా సంఘమే సాక్ష్యం.

ఇంజను ఆయిలు, కాలిన ఆయిలు: వీటిలో జింకు, కాల్షియం వంటి లోహాల మందులుంటాయి. మండిన తరువాత బూడిద మిగులుతుంది. స్టేజి 6 వాహనాలలో పొగ గొట్టానికి మసి ఫిల్టరు ఉంటుంది. మసి కాలిపోతుంది కానీ బూడిద కాలదు. ఫిల్టరు మూసుకుపోతుంది. 2023 జులై 1 నుంచి కొత్త జనరేటర్లకు కూడా కాలుష్య నిబంధనలు కఠినమైనాయి. కొత్త సెట్టు కొన్న సంఘాలు మరింత జాగ్రత్తగా ఉండాలి. కాలిన ఆయిలులో లోహపు పొడి కూడా ఉంటుంది. అది పంపుకు నేరుగా విషం.

పచ్చి నూనెలు: 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. అది నిజమే. మన కానుగ నూనెతోనూ ఇంజన్లు నడుస్తాయి. అయితే శుద్ధి చేయని నూనె చిక్కన, జిగురు కడుతుంది, నాజిల్ మీద బొగ్గు పేరుస్తుంది. అవసర సమయంలో మాత్రమే నడిచే సంఘం జనరేటరుకు అది తగదు.

పెట్రోలు, కిరోసిను: ఒక్క చుక్క కూడా కూడదు.

కలపవలసి వస్తే

తయారీదారు పుస్తకంలో చెప్పినప్పుడో, పాత రోటరీ పంపు ఉన్నచోట మెకానిక్కు రాతపూర్వకంగా సూచించినప్పుడో మాత్రమే కలపాలి. డీజిల్ కందెన గుణం కోసమే చేసిన, బూడిద మిగల్చని మందును బిల్లుతో కొనాలి. ఇవి ఎక్కువగా కొవ్వు ఆమ్లాలతో, వాటి ఎస్టర్లతో చేసినవి. ప్రమాణానికి నిలిచిన బయోడీజిల్ ఒకటి రెండు శాతం కలిసినా కందెన గుణం బాగా పెరుగుతుంది. కానీ అది నీటిని పీలుస్తుంది, త్వరగా పాతబడుతుంది. నిలవ డ్రమ్ముకు మంచిది కాదు. చవకగా బయోడీజిల్ అని లారీల మీద తెచ్చి అమ్మేదానిని నమ్మవద్దు.

మోతాదు లెక్క తేలిక. ఘనపరిమాణంలో ఎన్ని పి.పి.ఎం. అంటే వెయ్యి లీటర్లకు అన్ని మిల్లీలీటర్లు. 200 పి.పి.ఎం. అని ఉంటే వెయ్యి లీటర్లకు 200 మిల్లీలీటర్లు. 200 లీటర్ల డ్రమ్ముకు 40 మిల్లీలీటర్లు. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలు అనుకోరాదు. కొన్ని మందులు అధికమైతే ఫిల్టరుకు జిగురు పడుతుంది. ముందు మందు పోసి, పైన డీజిల్ పోస్తే బాగా కలుస్తుంది. దీనికి వేరే కొలపాత్ర ఉంచాలి. పాల పరీక్షల పిపెట్టును, సిలిండరును ఎట్టి పరిస్థితిలోనూ తాకించరాదు. డ్రమ్మును పాల గదిలో పెట్టరాదు. పాలు వాసన పట్టే వస్తువు.

కొనుగోలులో సంఘం బాధ్యత

బంకులో సాంద్రత చూపమని అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉన్నది. హైడ్రోమీటరు, ఉష్ణమాపకం, 15 డిగ్రీలకు మార్చే పట్టిక అక్కడ ఉండాలి. ఆ రోజు రిజిస్టరులో రాసిన సాంద్రతకూ మీ కొలతకూ మధ్య తేడా లీటరుకు 3 గ్రాములు మించరాదు. మన కార్యదర్శులకు లాక్టోమీటరు అలవాటే కాబట్టి ఇది కష్టం కాదు.

అయితే లాక్టోమీటరు లోపమే హైడ్రోమీటరుకూ ఉన్నది. వెన్న తీసి నీరు కలిపిన పాలు లాక్టోమీటరును మోసగించవచ్చు. అట్లే సాంద్రత సరిపోయినంత మాత్రాన కందెన గుణం ఉన్నదని కాదు. దానిని మనం ఇక్కడ కొలవలేము. అందుచేత మనకున్న రక్ష ఒక్కటే. తెలిసిన బంకు, సరైన బిల్లు, శుభ్రమైన పాత్ర.

ప్రతి సంఘం ఈ పనులు చేయాలి.

1. డీజిల్‌ను గుర్తింపు పొందిన బంకులోనే కొనాలి. బంకు బిల్లు లేని వోచరును పాలకవర్గం ఆమోదించరాదు.

2. డ్రమ్ము మీద కొన్న తేదీ సుద్దతో రాయాలి. పాతది ముందు వాడాలి. అవసరానికి మించి నిలవ చేయరాదు.

3. డ్రమ్మును నీడలో, మూతి మీద వాన నీరు నిలవకుండా కాస్త వాల్చి ఉంచాలి. డీజిల్‌ను అడుగంటా తోడరాదు. నాలుగు అంగుళాలు వదిలి, ఆ అడుగు డీజిల్‌ను సీసాలో తేర్చి చూడాలి.

4. ఇంజను ఫిల్టరు కింద నీటి మరను వారానికొకసారి విప్పి నీరు వదలాలి. ఫిల్టరును తయారీదారు చెప్పిన గంటలకు మార్చి లాగ్‌లో రాయాలి.

5. కరెంటు ఉన్నా వారానికొకసారి జనరేటరును కూలరు భారం మీద నడపాలి. వేడెక్కిన తరువాత ఆపి మళ్ళీ స్టార్టు చేసి చూడాలి.

6. లాగ్ పుస్తకాన్ని కార్యదర్శి నెలకొకసారి చదివి సంతకం చేయాలి.

తీర్మానం ఏమైంది?

డీజిల్ వోచర్లు తీసి చూశాము. మూడు నెలలుగా సంఘం బంకులో కొనడం లేదు. లీటరుకు కొన్ని రూపాయలు తక్కువకు డ్రమ్ముల్లో తెచ్చి ఇచ్చేవారి దగ్గర కొంటున్నది. బిల్లు బదులు తెల్లకాగితం చీటీ ఉన్నది. ఆ చీటీల మీద పాలకవర్గం సంతకాలున్నాయి. అంతకు ముందు తనిఖీలో ఆ చీటీలను చూసి, ధర తక్కువగా ఉన్నదని మెచ్చుకొని పాసు చేసిన ఎర్ర సిరా సంతకం మాది.

ఈ మాట సర్వసభ్య సమావేశంలో నిలబడి చెప్పాము. ఆపరేటరు చెప్పినట్లే చేశాడు. వేడి మీద స్టార్టు కావడం లేదని ముందే రాశాడు. తప్పు కొనుగోలుది, ఆమోదించినవారిది, తనిఖీ చేసిన మాది. జీతంలో కోసే తీర్మానం రద్దయింది. కాసేపటికి వెనుక వరుసలోంచి ఒక పెద్దామె లేచింది. “అది సరే బాబూ, మా పాల డబ్బులు ఎవరిస్తారు?” అని అడిగింది. సమాధానం చెప్పడానికి అధ్యక్షులు తడుముకున్నారు, మేమూ తడుముకున్నాము. చివరకు సంఘం మిగులు నుంచి సగం ఇవ్వడానికి సభ్యులు ఒప్పుకున్నారు. మిగతా సగం ఆమెకూ, ఆమెవంటివారికీ నష్టమే.

లీటరుకు మిగిలిన ఆ కొన్ని రూపాయలు మూడు నెలలకు లెక్కగట్టాము. ఒక్క పూట విరిగిన పాల విలువకు అవి ఎక్కడా చాలలేదు.

నెలవారీ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. చిక్కదనానికీ కందెన గుణానికీ తేడా ఏమిటి?
2. గంధకం తీసినప్పుడు కందెన గుణం ఎందుకు తగ్గుతుంది? దానిని ఎవరు పూరించాలి?
3. 150 పి.పి.ఎం. మోతాదు అయితే 200 లీటర్ల డ్రమ్ముకు ఎన్ని మిల్లీలీటర్లు?
4. మీ సంఘం జనరేటరులో ఉన్నది ఏ రకం పంపు? పుస్తకం చూసి రాయండి.
5. మీ జనరేటరు లాగ్ పుస్తకాన్ని ఆపరేటరు కాక ఇంకెవరు, చివరిసారి ఎప్పుడు చదివారు?